నాలుగు టైర్లలో ఒకే లోటు

సుస్మిత సంచి సర్దుతోంది. అడుగున తువ్వాలు పరిచి, దాని మీద భర్త చొక్కాలు పెట్టి, మక్తల్‌లో ఉన్న అతని మేనత్తకు పంపే నెయ్యి సీసాను లుంగీలో చుట్టి మధ్యలోకి దూర్చింది. జిప్పు సగం వేసింది. ఏదో మరిచిపోయినట్టు మళ్లీ తీసి, లోపల చెయ్యి పెట్టి వెతికింది.

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న జానమ్మ తల తిప్పుకుంది. పోలీసు కొలువులో ఏళ్లకేళ్లు పనిచేసి, ఏఎస్సైగా దిగిపోయి, ఇప్పుడు అడిగినవాళ్లకు సొంతంగా ఆరాలు తీసిపెడుతున్న మనిషి ఆమె. ఆ కొలువులో, ప్రమాదాల్లో పోయినవాళ్ల ఇలాంటి సంచులను రోడ్డు పక్కన ఎన్నింటినో విప్పించింది. లోపలి వస్తువులు ఒక్కొక్కటీ పైకి చదివి పంచనామా రాయించింది. అప్పటినుంచి ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే చూడలేకపోతోంది. చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టుకుంటుంది.

"రేపు మాపటికి వాపస్ వచ్చేటోనికి గింత సంచి ఎందుకే?" అన్నాడు శివకృష్ణ, కారు తాళాలు వెతుక్కుంటూ.

"అత్తమ్మ చెప్పింది. గోపమ్మత్తకు చీర గూడ పెట్టమన్నది. మాసికానికి వచ్చే ఆడిబిడ్డను ఉత్త చేతులతోని తోల్కొస్తరా?"

ఎల్లుండి ఆ ఇంట్లో నెల మాసికం. పెద్దకొడుకు విజేందర్ పోయి నెల కావస్తోంది. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట వైపు హైవే మీద మిట్టమధ్యాహ్నం పోతుంటే అతని కారు వెనక టైరు పేలింది. కారు డివైడర్‌ను గుద్దుకుంది. ఆస్పత్రికి తీసుకుపోయేంత పని కూడా పెట్టలేదు విజేందర్. పేలకముందే టైరులో గాలి చాలా తక్కువగా ఉందని రిపోర్టు వచ్చేసరికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాలస్వామి చూపు తమ్ముడు శివకృష్ణ మీద పడింది. గొర్లు మేపుకునే చెలక అమ్ముదామని అన్న, వద్దని తమ్ముడు, ఇద్దరూ వాకిట్లో గొంతులు చించుకున్న సంగతి వాడకట్టంతా విన్నదే. మాసికం అయ్యేదాకా ఆగుతాను, ఆ మర్నాడు పట్టుకుపోతాను అని బాలస్వామి మొహం మీదే చెప్పిపోయాడు.

అందుకే తల్లి బిక్షమ్మ జానమ్మను పిలిపించింది. "ఒగడు పోయిండు. ఉన్న ఒక్కణ్ని నాకు మిగుల్చు చెల్లె," అంది. ఇంకేమీ అడగలేదు.

"నువ్వు బయల్దేరే ముందు నాలుగు మాటలు," అంది జానమ్మ, శివకృష్ణతో. "అన్న పోయిన పొద్దు నువ్వు ఆయన కారు కాడికి పోయినవా?"

"పోయిన మేడం. డిక్కీల సామాను పెట్టిన. టైర్లు ముట్టలే."

"నీ తాన గాలి మిషిన్ ఉండె గదా?"

"గదే నా మెడకు సుట్టుకున్నది. కారులనే పెట్టుకునే చిన్న మిషిన్, మీటరుంటది దానికి. ఇంట్ల గాలి లెక్క తెలిసినోడు నువ్వొక్కడివే అంటడు సర్కిల్ సాబ్. మిషిన్ తీస్కపోయిండు, నిన్న ఫోను గూడ తీస్కపోయిండు."

"చెలక కాడ కొట్లాట?"

"కొట్లాడిన. అన్న తోని కొట్లాడక ఎవనితోని కొట్లాడుత మేడం?" దొరికిన తాళాలను జేబులో వేసుకున్నాడు. "మాపటికి ఒక్క కంచంల తిన్నం."

అన్నదమ్ములిద్దరివీ ఒకే రకం కార్లు. ఒకే రోజు, ఒకే దుకాణంలో, కంపెనీ ఇచ్చిన చిన్న చక్రాలు తీసేసి పెద్దవి వేయించుకున్నారు. మెరిసే రిమ్ములు, వాటికి నల్లటి పట్టీలా పలచని టైర్లు. ఆ రోజు ఇద్దరూ కార్ల ముందు నిలబడి దిగిన ఫోటో గోడ మీద ఉంది.

"గీ పొద్దు దూరం పోతున్నవు. గాలి చూపిచ్చుకున్నవా?"

"నిన్న మాపటికే పరశురాములు దుకాణంల పెట్టిచ్చిన. నాలుగిట్ల ముప్పై ఆరు."

వంటింటి గడప మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్న బిక్షమ్మ తలెత్తింది. "గాలి ఎక్కువ కొట్టే గదా నా పెద్దోణ్ని సంపింది. ఎండకు గాలి ఉబ్బుతది, టైరు పేలుతది. గా పరశురాములుకు పానం మీద తీపి లేదు."

"అమ్మా, ఎక్కువ గాదే. తక్కువైందని రిపోర్టుల ఉన్నది."

"రిపోర్టు రాసినోడు ఎండల తిరిగిండా? సల్లగ ఫ్యాను కింద రాసిండు."

శివకృష్ణ నవ్వాడు. నెల రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలేమో, సుస్మిత ఉలిక్కిపడి చూసింది. జానమ్మ కూడా లోలోపల నవ్వుకుంది. ముసలమ్మ మాట కదా అని దాటేసింది. బిక్షమ్మ మడిచి ఇచ్చిన ఆకును బుగ్గన పెట్టుకుంది.

"నా ఫోను తీస్కపోరాదు?" అంది సుస్మిత గుమ్మం దాకా వెంటపడి.

"నీకుండనియ్యి. అమ్మ పానం బాగలేదు, దవాఖానకు పోవాల్సొస్తే? అత్త ఇంటికి పోంగనే ఆళ్ల ఫోన్ల కెంచి చేస్త."

"మెల్లగ పో నాయినా," అంది బిక్షమ్మ.

కారు కదిలింది. జానమ్మ గేటు దాకా పోలేదు.

* * *

పోలీస్ స్టేషన్ వెనక జాగాలో, తుప్పు పట్టిన ఆటోల మధ్య విజేందర్ కారు పడి ఉంది. జానమ్మ ఫోన్ చేసి రమ్మంటే పరశురాములు గాలి మీటరు పట్టుకుని అప్పటికే వచ్చాడు. కారుకు మాత్రం ఆమడ దూరంలో నిలబడ్డాడు.

"దగ్గరికి రా పరశురాములు. అది నిన్ను కరువదు."

"నేనే ఎక్కిచ్చిన చక్రాలు మేడం. చూడబుద్ధయితలే."

జానమ్మ డ్రైవరు తలుపు తీసి, దాని పక్కన అతికించిన కంపెనీ స్టిక్కరు చూపించింది. "దీని మీద ముప్పై అని ఉన్నది. నువ్వేమో ముప్పై ఆరు పెడతవు. ఎవర్ని అడిగి పెడుతున్నవు?"

"గా ముప్పై పాత చక్రాలకు. పెద్ద రిమ్ము ఏస్తే టైరు గోడ పొట్టిగైతది మేడం, లోపల గాలి పట్టే జాగ తగ్గుతది. మోసే బరువు మాత్రం గంతే. గందుకు జర గట్టిగ పెట్టాలె. మరీ గట్టిగ పెడితే గుంతల పడ్డప్పుడు రిమ్ము పగుల్తది. టైరు కంపెనోళ్లు బరువుకు ఇంత గాలి అని పట్టిక ఇస్తరు. అది చూసి పెట్టిన."

"తక్కువుంటే?"

"పాత టైరు అయితే మెత్తగ నడుస్తది, తిప్పలు పడుకుంట ఇల్లు చేరుతది. గీ పలచటి దానికి గోడే లేదాయె, గాలి తగ్గినా కంటికి ఆనదు. మనిషి మోకాళ్ల మీద నడిచినట్టు నడుస్తది. ఎండల, హైవే మీద, వేగం మీద..." అతను ఆగిపోయాడు.

"విజేందర్‌కు ఈ సంగతి చెప్పినవా?"

"చెప్పిన్ననే అనుకుంటున్న."

"అనుకుంటున్నవా, చెప్పినవా?"

"చెప్పిన మేడం! అన్నదమ్ములిద్దరికి చెప్పిన. స్టిక్కరు చూడకుండ్రి, నా తానకే రాండ్రి అని చెప్పిన. ఇంక ఇంట్లోళ్లందరికీ నేనేడ తిరిగి చెప్పాలె?"

"ఏం జానమ్మ మేడం, ప్రభుత్వం దిగిపొమ్మన్నా డ్యూటీ దిగబుద్ధి గాలేదా?"

వెనక నుంచి వచ్చిన గొంతు బాలస్వామిది. చేతిలో చాయ్ గ్లాసు, పెదాల మీద వెటకారం. అతను కొత్త ఎస్సైగా వచ్చినప్పుడు శవ పంచనామా ఎట్లా రాయాలో పక్కన కూర్చుని నేర్పింది జానమ్మే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. అందుకే ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.

"మీరు సగం చూసి వదిలేసిన్రు సార్. మిగిలిన సగం చూస్తున్న."

"సగమా? టైరుల గాలి లేదు. గాలి తీసే తెలివి తమ్మునికున్నది. తీసే కోపం గూడ ఉన్నది. ఇంకేం చూడాలె?"

"పేలిన టైరు చూసిన్రు. పేలని మూడు చూసిన్రా?"

బాలస్వామి చాయ్ ఒక గుక్క తాగాడు. చూడలేదన్నమాట.

జానమ్మ డిక్కీలోంచి పేలిన టైరును బయటికి లాగించింది. మేకు దిగిన టైరు అయితే ఒకచోట చిరుగుతుంది. ఇది అట్లా లేదు. పక్క గోడ చుట్టూ, గీత గీసినట్టు, ఒక మాడిన వలయం. లోపల చెయ్యి పెట్టి తడిమితే నల్లటి రబ్బరు పొడి అరచేతినిండా వచ్చింది. గాలి చాలక, టైరు చుట్టు చుట్టుకూ మడతపడి, వేడెక్కి, తన్ను తానే నూరుకుంది.

"ఇప్పుడు మిగిలినవి కొలువు పరశురాములు. పైకి చెప్పు, సార్ వినాలె."

ముందు ఎడమ చక్రం. "ఇరవై నాలుగు." ముందు కుడి. "ఇరవై నాలుగు." వెనక కుడి. పరశురాములు మీటరు తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. "ఇది గూడ గంతే మేడం."

"ఏమైతది దాంతోని?" అన్నాడు బాలస్వామి. "తెలివైన దొంగ నాలుగూ తీస్తడు. అనుమానం రాదని."

"తెలివైనోడయితే ముందు టైరు ఒక్కటి తీసి ఊకుంటడు సార్. బండి పక్కకు గుంజి బోల్తా కొడతది. సంపేటోనికి తొందరుంటది. వాకిట్ల నిలవడ్డ కారు చుట్టు తిరిగి, ఒక్కొక్క టైరు కాడ కూసొని, దీనికెంత తీసిన్నో దానికీ గంతే తియ్యాలని లెక్కవెట్టే ఓపిక పగోనికుండదు."

"మరెవలికుంటది?"

జానమ్మ కారు ముందు వైపుకు పోయింది. మోకాళ్లు పట్టేస్తున్నా వంగి, ముందు చక్రం గాలి గొట్టానికి ఉండే నల్లటి బుడిపె మూత తీసింది. వెలుతురుకు పట్టి చూసింది. మూత లోపల అంచున తెల్లగా ఏదో ఎండి అతుక్కుని ఉంది. రెండో మూత తీసింది. అందులోనూ అదే. గోటితో గీకి నాలుక కొసకు తాకించింది.

సున్నం.

బుగ్గన ఇంకా మిగిలి ఉన్న ఆకు ఒక్కసారిగా విషమైనట్టనిపించి పక్కకు ఉమ్మేసింది.

"ఏమైంది మేడం?" అన్నాడు పరశురాములు.

జానమ్మ అప్పటికే సుస్మితకు ఫోన్ చేస్తోంది. తొందరలో ఒకసారి తప్పు నంబరు పోయింది. రెండోసారి కలిసింది. ఇద్దరికీ వినపడేలా స్పీకరు వేసింది.

"సుస్మితా, మీ అత్తమ్మకు ఫోనియ్యి. జల్ది."

కాసేపు గిన్నెల చప్పుడు, కోడలి పిలుపు, ముసలి దగ్గు. తర్వాత బిక్షమ్మ గొంతు. "ఏంది చెల్లె, ఏమన్న దొరికిందా?"

"అక్కా, ఒక మాట అడుగుత. కోపానికి రాకు. విజేందర్ కారు టైర్లల్ల గాలి నువ్వు ముట్టుకున్నవా?"

"ముట్టక? నేనే తీసిన."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. నెల రోజులుగా పోలీసులు, రిపోర్టులు, అరుపులు, కన్నీళ్లు. ఇంతమందిలో ఒక్కరూ ఆమెను ఆ ఒక్క మాట అడగలేదు. జానమ్మ కూడా ఆమెను ఎదురుగా పెట్టుకుని, ఆమె చేతి ఆకు నములుతూ, అడగలేదు.

"ఎందుకు తీసినవక్కా?"

"ఎండకాలం గాదు? మా ఆయన గుర్వయ్య పాల సైకిలు తొక్కేటప్పుడు పొద్దుగాల లేసి నేనే తీసేదాన్ని. నిండ గాలి ఉన్న సైకిలు ఎండల పెడితే ట్యూబు పటుక్కుమంటది. నా చేతుల మీద ఒక్కనాడు పేలలే. పిన్నీసు పెట్టి వొత్తుకుంట మల్లన్న దేవుణ్ని మూడు మాట్ల తలుసుకుంట, గంతల ఆపుత. నాలుగిట్ల గట్లనే తీసిన, ఒకదానికెక్కువ ఒకదానికి తక్కువ చేసేదాన్ని గాదు. పిల్లలకు చెప్తే నవ్వుతరని చెప్పలే. దూరం పోయినప్పుడే తీస్త."

జానమ్మ కారు మీద చెయ్యి వేసి నిలబడింది. రేకు కాలుతోంది. చెయ్యి తియ్యలేదు.

"అక్కా. గీ పొద్దు శివకృష్ణ కారుకు?"

"తియ్యకుండ పంపుతనా? వాకిలి ఊడ్సేటప్పుడే తీసిన. పెద్దోనిది తీసింది చాలక పేలింది గదా, ఆని బండికి తక్కువ తీసిన్నేమో అని నెల సంది మనసుల కొట్టుకుంటున్నది. అందుకని చిన్నోనికి జర ఎక్కువ తీసిన. మల్లన్నను నాలుగుమాట్ల తలుసుకున్న." దగ్గింది. "మంచిదే చేసిన గదా చెల్లె?"

"మళ్ల చేస్తక్కా," అని జానమ్మ పెట్టేసింది.

పక్కన నిలబడి అంతా విన్న పరశురాములు మీటరును జేబులో పెట్టుకోబోయి కింద పడేశాడు. "నేను ముప్పై ఆరు పెట్టి పంపిన మేడం. ముప్పై ఆరు పెట్టిన..." అని అదే మాట అనుకుంటూ నేల మీద కూర్చున్నాడు.

జానమ్మ శివకృష్ణ నంబరు నొక్కి స్టేషన్ లోపలికి నడిచింది. మోకాళ్ల సంగతి మరిచి, నడక పరుగైంది. ఫోను మోగుతోంది. ఎత్తు నాయినా, ఎత్తు, అని గొణుగుతోంది. బాలస్వామి గది గుమ్మం దగ్గరికి వచ్చాక ఆ మోత రెండు చోట్ల నుంచి వినిపించింది. ఒకటి ఆమె చెవి దగ్గర. ఇంకొకటి బల్ల సొరుగులోంచి.

వెనకే వచ్చిన బాలస్వామి సొరుగు లాగాడు. ప్లాస్టిక్ సంచిలో, చీటీ అంటించిన ఫోను. దాని పక్కనే గాలి మిషిను. రెండూ పోలీసులు తీసుకుపోయారని శివకృష్ణ బయల్దేరే ముందు చెప్పిన మాట ఆ తొందరలో ఆమెకు తట్టలేదు. మోగి మోగి ఫోను తనంతట తాను ఊరుకుంది.

"ఆడు ఎటు పోయిండు?" అన్నాడు బాలస్వామి. వెటకారం ఎక్కడికో పోయింది.

"మక్తల్. రింగురోడ్డు మీది కెంచి బెంగుళూరు హైవే."

"నాకు చెప్పకుండ ఊరు దాటిండా? అంటే పారిపోతున్న..."

"సార్!" జానమ్మ బల్ల మీద చేత్తో చరిచింది. "మేనత్తను తోల్కరానీకి పోయిండు. ఆపుమని చెప్పుండ్రి, పట్టుకొమ్మని గాదు. సైరన్ ఏసి వెనకవడితే భయంతోని ఇంకింత గట్టిగ తొక్కుతడు. మీ కాళ్లు మొక్కుత, మెల్లగ పక్కకు ఆపియ్యమనుండ్రి."

బాలస్వామి ఆమె మొహంలోకి చూశాడు. వైర్‌లెస్ అందుకుని, కారు నంబరు, రంగు చెప్పాడు. "ముద్దాయి గాదు. రిపీట్, ముద్దాయి గాదు. టైర్లల్ల గాలి లేదు. వేగం తగ్గిపిచ్చి ఆపుండ్రి," అన్నాడు. తర్వాత టోల్‌గేటుకు ఫోన్ చేశాడు. చెవిన పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"షాద్‌నగర్ అవతలి టోల్‌గేటు దాటిపోయిండంట. అవతల జడ్చర్ల కెంచి పెట్రోలింగ్ బండి ఎదురు బయల్దేరింది."

"ఎంతసేపైంది దాటి?"

"చాలసేపైంది."

ఇక చెయ్యడానికి ఏమీ లేదు. కొట్లాడడానికి కూడా ఏమీ మిగల్లేదు. బాలస్వామి కుర్చీ జరిపి ఆమెకు వేశాడు. తాను నిలబడ్డాడు. కిటికీ అవతల తారురోడ్డు మీద ఎండ నీళ్లలా మిలమిలలాడుతోంది. జానమ్మ ఆ వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంది. రబ్బరు గోడ ఒక్కొక్క చుట్టుకూ మడతపడడం, వేడెక్కడం, పొడి రాలడం, మూసిన కళ్ల వెనక కనిపిస్తూనే ఉంది. దేవుడా, ఎక్కడన్నా చాయ్ తాగనీకి ఆగి ఉండాలె. అడ్డంగా గొర్ల మంద రావాలె. పెట్రోలు అయిపోవాలె.

ఆమె ఫోను మోగింది. సుస్మిత నంబరు. ఎత్తితే బిక్షమ్మ.

"చెల్లె, నువ్వట్ల పెట్టేసినవు, నాకు గాబరా అయితున్నది. నేను తీసింది సరిపోతదంటవా? ఇంకింత తీయాల్నుండెనా?"

"అక్కా," అంది జానమ్మ.

"చెప్పు చెల్లె."

"సుస్మితను నీ పక్కన కూసోమను."

"ఎందుకు?"

వైర్‌లెస్ గరగరమంది. బాలస్వామి దాన్ని చెవికి దగ్గరగా తీసుకుని, గోడ వైపు తిరిగి విన్నాడు. విన్నది మళ్లీ చెప్పమని అడగలేదు. తల మీది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

ఫోనులో బిక్షమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

శివకృష్ణ తిరిగి రాలేదు. ఆ రోజు రెండువేల ఇరవై మూడు, మే పద్దెనిమిది, గురువారం.